నాలుక గుర్తు

అంగుళం పావు పొడవు.
కోడిగుడ్డు వీపులా కాస్త ఉబ్బిన తల,
తల మీద అడ్డంగా ఒక్కటే గాటు.
నికెల్ పూత.
అంతే నాకు కావలసింది.

మూతబడ్డ బౌలింగ్ హాలు నేలమాళిగ నుంచి
నేనూ నా బావమరిదీ ఈ పిన్‌బాల్ మెషిన్ని మోసుకొచ్చినప్పుడు
దాని కడుపులో ఎలుకల గూడుంది,
ఎవరిదో జుట్టుపిన్నుంది,
ఎడమ ఫ్లిప్పర్ పైన స్తంభానికి మాత్రం స్క్రూ లేదు.
పక్క స్తంభానికి ఉన్నదేమో దొంగది:
ఇత్తడిది, పొట్టిది, గుండ్రటి బోడితల.
ఎవడో మెకానిక్ బద్ధకం అనుకున్నాను.
పీకి చెత్తడబ్బాలో పారేశాను.
కాబట్టి రెండు కావాలి.

రెండు స్క్రూలకి మూడు నెలలు.
సిసిరోలో సెర్మాక్ రోడ్డు పొడుగునా
హార్డ్‌వేర్ కొట్ల కుర్రాళ్ళు
ప్లస్ గుర్తు తలలవి గుప్పిట్లో పోసి చూపించారు,
కొత్తగా కట్టించుకున్న పళ్ళలా తళతళమంటూ.
"పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది సార్."
గట్టిదనం గొడవ కాదు బాబూ.
ముప్పై ఏళ్ళు రైలు సిగ్నళ్ళు బాగుచేసినవాణ్ణి.
అద్దం కింద, ఆ పసుపు దీపాల నడుమ
ఒక్క ప్లస్ గుర్తు కనపడితే
నాకది పంటి కింద రాయి.

హ్రూస్కా కొట్టు ఎత్తేస్తున్నారని తెలిసి పరిగెత్తాను.
ముసలాయన పోయాడు.
కూతురు లుడ్మిలా సొరుగుల్ని తూకానికి అమ్ముతోంది.
వాటి మీద తండ్రి చేతిరాత, చెక్ భాషలో.
ఆమెకీ చదవడం రాదు.
మోచేతుల దాకా నల్లబడి వెతికితే
కాఫీ డబ్బా అడుగున దొరికాయి, నాలుగు.
నాలుగు!
డాలరు తీశాను. పావలా చాలంది.

ఆ గొప్ప చూపించుకోవడానికే
జెనోవెఫా దగ్గరికి వెళ్ళాను.
ఎనభై ఆరేళ్ళు. మూడో అంతస్తు, రేడియేటర్ పక్క కుర్చీ.
ఇలాంటి మెషిన్లు తయారయ్యే ఫ్యాక్టరీలో
పెళ్ళికి ముందు నాలుగేళ్ళు పనిచేసింది.
కళ్ళజోడు వెతుక్కోలేదు.
స్క్రూ తీసుకుని నోట్లో వేసుకుంది.

మింగేస్తుందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.
బుగ్గన పెట్టి, కాసేపు చప్పరించి
అరచేతిలోకి ఊసింది.
"మావి కావు. ఇది జింకు.
నికెల్ చల్లగా ఉంటుంది, చివర్లో పిసరంత తీపి."

రెండు చేతులూ పనిలో ఉంటే
స్క్రూలు ఇంకెక్కడ పెట్టుకుంటామని నన్నే అడిగింది.
పెదవికీ పంటికీ మధ్య ఆరు.
మాట్లాడకూడదు. నవ్వొచ్చిందా, చచ్చామే.
వాండా ఒకరోజు ఒకటి మింగేసింది.
మేస్త్రీ దాన్ని జీతంలో కోశాడు.

నా మొహం చూసి జాలేసిందేమో,
"అంత దిగాలు పడకు రూడీ,
శుక్రవారం మధ్యాహ్నానికి మాకూ అయిపోయేవి.
కింద లారీ హారన్ కొడుతూ ఉండేది.
ఏది దొరికితే అది బిగించి పంపేవాళ్ళం.
ఇత్తడివి కూడా.
పొట్టివి, బోడితలవి.
వాటి రుచి మాత్రం పాడు. పాత నాణెం నాకినట్టు."

బస్సులో ఇద్దరు ఏదో అడిగారు.
ఏం జవాబు చెప్పానో తెలీదు.

షెడ్డు మూల డబ్బాని చలికాలమంతా ఖాళీ చెయ్యలేదు.
బద్ధకం, ఈసారి నాది.
నేల మీద బోర్లించాను.
రంపపు పొట్టు, తెగిన తీగలు, ఎలుక గూటి పీచు.
అలవాటు కొద్దీ అయస్కాంతం తిప్పాను.
మేకులూ వాషర్లూ ఎగిరొచ్చి అంటుకున్నాయి.
ఇత్తడి రాదు.
దానికి ఆ పిలుపు వినపడదు.

అయస్కాంతం పక్కన పెట్టి చతికిలబడ్డాను,
చిటికెడు చిటికెడు పొట్టు వేళ్ళతో నలుపుతూ
బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు.
కిటికీ మసకబారింది.
వేలికి ఏదో తగిలింది,
పొట్టిగా.

లైటు వెయ్యడానికి లేవబోయి,
మానేసి,
నోట్లో పెట్టుకున్నాను.